ఇస్త్రీకి లొంగని బట్ట

కొడుకు ఇంటికి వచ్చి ఏడాది దాటినా మడతమ్మ చేతులు ఊరుకోవడం నేర్చుకోలేదు. ఆవిడ అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా కాస్త ఆలోచించి చెప్పాలి. బస్సు స్టాండు వెనక సందులో ఇస్త్రీ కొట్టు పెట్టుకుని, ఊళ్ళో సగం మంది చొక్కాలూ దుప్పట్లూ గీత చెదరకుండా మడతపెట్టి ఇచ్చిన మనిషి కాబట్టి సందులోవాళ్ళు పెట్టిన పేరే నిలిచిపోయింది. కుడి భుజం పట్టేసి చెయ్యి తలదాకా లేవడం మానేశాక కొడుకు ఆ కొట్టు మూయించి, ఇక హాయిగా కూర్చోమని తన దగ్గరికి తెచ్చుకున్నాడు. హాయిగా కూర్చోవడం ఎలాగో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. కుర్చీలో కూర్చుంటే చాలు, చేతులు వాటి పనిలో అవి పడేవి. ఒళ్ళో తువ్వాలు ఉంటే తువ్వాలు, అది లేకపోతే అప్పుడే వచ్చిన కరెంటు బిల్లు. కొడుకు బిల్లు కట్టడానికి వెళ్ళినప్పుడు దాన్ని విప్పడానికే కౌంటర్లో కాసేపు పట్టేది.

ఆ కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. పొద్దున్నే వెళ్ళి ఎవరి మేడల మధ్యనో వేలాడి, చీకటిపడే వేళకు గ్రీజు వాసనతో ఇల్లు చేరతాడు. పగలంతా ఇంట్లో మిగిలేది అత్తా కోడళ్ళే. ఇద్దరూ మంచివాళ్ళు. ఎంత మంచివాళ్ళంటే ఒకరినొకరు ఏ పనీ అడగరు, ఏ మాటా అనుకోరు. అలాంటి ఇంట్లో పొద్దు గడవడం కష్టం.

కోడలు మొదట్నుంచీ మూగనోము పట్టిన మనిషేం కాదు. బస్సు స్టాండులో మైకు ముందు కూర్చునే ఉద్యోగం ఆమెది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు తప్పిపోయి ఎవరి దగ్గర బిస్కెట్లు తింటూ కూర్చున్నాడో, అన్నీ ఆమె గొంతులోంచే ఊరికి తెలిసేవి. మడతమ్మకు కోడలికన్నా ముందు ఆ గొంతే పరిచయం. ఇస్త్రీపెట్టె తోసుకుంటూ ఏళ్ళ తరబడి విన్నది. కొడుకు ఫలానా అమ్మాయిని చేసుకుంటానని ఇంటికి తీసుకొచ్చిన రోజున ఆ పిల్ల నోరు విప్పి బాగున్నారా అని అడగ్గానే, మడతమ్మ అడగాలనుకున్న ప్రశ్నలన్నీ మరిచిపోయి, ‘‘నువ్వటమ్మా!’’ అంది. పెళ్ళి అక్కడే ఖాయమైపోయింది.

తర్వాత బస్సు స్టాండుకు మిషను గొంతు వచ్చింది. అది సెలవు అడగదు, దానికి జలుబు చెయ్యదు. కోడల్ని ఒక పూలగుత్తి ఇచ్చి ఇంటికి పంపేశారు. ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో లెక్కపెట్టుకున్నట్టు మాట్లాడేది. అన్నం పెట్టనా, తలుపు వేశారా, పడుకోండి. అంతే. మడతమ్మకు ఈ ఊరంతా మూగబోయినట్టుండేది. ఆ సంగతి ఎవరితో అనాలో తెలియక తువ్వాలు మడతపెట్టుకునేది.

ఇలా ఉండగా ఆ పిల్లకు ఒక దారి కనిపించింది. కథల పుస్తకాలు చదివించి, రికార్డు చేసి, జనానికి వినిపించే ఆఫీసొకటి ఉంది. ఇంట్లోనే కూర్చుని చదివి పంపితే చాలు. ముందు ఒక అధ్యాయం చదివి పంపమన్నారు. కోడలు తలుపులు బిడాయించుకుని, ఫోను ముందు పెట్టుకుని చదివింది, పంపింది. సోమవారం పొద్దున ఆ ఆఫీసులో వినడమే పనిగా ఉన్న పెద్దాయన ఫోను చేశాడు. ఇంట్లో అందరూ ఆయన్ని తర్వాత్తర్వాత సౌండు మాస్టారు అన్నారు. గొంతుకు వంక లేదట. గది మాత్రం మోగుతోందట, బావిలో కూర్చుని చదివినట్టుందట. ఇంకోటి కూడా ఉంది, కానీ ముందు గది సంగతి చూడమన్నాడు. శనివారంలోగా మళ్ళీ పంపితే వింటాడు. ఆ తర్వాత ఆ పుస్తకం ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

సాయంత్రం కొడుకు ముందు గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి చూశాడు. చప్పుడు గోడలకు తగిలి తిరిగొచ్చింది. నున్నటి పలకల నేల, బోసి గోడలు, ఒక పక్కంతా నిలువెత్తు కిటికీ అద్దాలు. లిఫ్టు గూడు కూడా ఇంతకంటే నయం అన్నాడు. లోపలి గదిలో చదువుదామంటే అది పక్కవాళ్ళ వంటింటికి ఆనుకుని ఉంది, వాళ్ళు రోజంతా గిన్నెలతో యుద్ధం చేస్తుంటారు. సౌండు మాస్టారు ఒక ఉపాయం చెప్పాడట. బరువైన వెల్వెట్ కర్టెన్లు, కిటికీకి ఎంత వెడల్పుందో దానికి రెండింతల బట్టతో, కుచ్చులు కుచ్చులుగా వేలాడదీయమన్నాడు. ఎదుటి గోడకు కూడా ఒకటి. కుచ్చులు మాట చప్పుడును మింగేస్తాయట.

బట్ట కొనడానికి వెళ్తున్నారనగానే మడతమ్మ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. ఎవరూ రమ్మనలేదు. బట్ట ఎంపికకు తనను వదిలేసి వెళ్ళే కుటుంబం ఒకటుంటుందని ఆవిడకు తట్టను కూడా తట్టలేదు.

కర్టెన్ బట్టల కొట్టు నడిపేది ఒకావిడ. మెడలో కొలతటేపు, చెవి వెనక సుద్దముక్క. ఆవిడ థాను తర్వాత థాను దొర్లించి పరిచింది. మొదట పరిచింది తళతళలాడుతోంది. కోడలికి రంగు నచ్చింది. మడతమ్మ దాని అంచు గుప్పిట్లో నలిపి, వదిలి, ముక్కు దగ్గర పెట్టుకుని, అరచేతిలో బరువు చూసి పక్కకు తోసేసింది. గాలి దూరేంత పలచన అని తీర్పు చెప్పింది. కొట్టావిడ నవ్వి లోపలినుంచి నూలు వెల్వెట్ తెప్పించింది. దట్టంగా ఉంది, ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. దాని మీద నూగు పై నుంచి కిందికి నిమిరితే నున్నగా ఉంది, ఎదురు నిమిరితే గరుగ్గా తగిలి రంగు కూడా ముదిరింది. ముక్కలన్నీ ఒకే వైపు నూగు వచ్చేలా కుట్టించాలనీ, లేకపోతే ఒక తెర నీలం, పక్క తెర నలుపు అన్నట్టు కనబడతాయనీ చెబుతూ కొట్టావిడ బట్ట వెనక సుద్దతో బాణం గుర్తులు గీసింది.

రంగు దగ్గర పేచీ వచ్చింది. కొడుక్కి మట్టి రంగు కావాలి, దుమ్ము కనబడదని. కోడలికి నీలం. మడతమ్మకు ఎరుపు. కొట్టావిడ చూసి చూసి, ఇంతకీ ఎందుకమ్మా ఈ కర్టెన్లు, ఎండకా చలికా అని అడిగింది. గొంతుకు అని కోడలు సిగ్గుపడుతూ చెప్పింది. కొట్టావిడ ఆమెను వెనక గదిలోకి తీసుకెళ్ళి, నిలువుగా వేలాడుతున్న వెల్వెట్ల మధ్యలోకి తోసి, అక్కడ నిలబడి ఏదన్నా చదవమంది. కోడలికి ఏం చదవాలో తోచక ఎదురుగా ఉన్న ధరల చీటీ చదివింది. చదువుతూ మధ్యలో ఆగిపోయింది. తన గొంతు ఎటూ పోకుండా, తిరిగి రాకుండా, నోటి ముందే నిలబడింది. బయట నిలబడ్డ మడతమ్మకు ఒళ్ళు ఝల్లుమంది. ఆ గొంతును అంత దగ్గరగా ఆవిడ ఎప్పుడూ వినలేదు, ఎప్పుడూ మధ్యలో ఒక గోడా, లౌడ్‌స్పీకరూ, బస్సుల రొదా ఉండేవి.

‘‘ఇదే ఇవ్వమ్మా. రంగు ఏదైనా పర్లేదు,’’ అంది మడతమ్మ. నీలమే వచ్చింది.

బట్ట కత్తిరిస్తూ కొట్టావిడ జాగ్రత్తలు అప్పజెప్పింది. నీళ్ళలో పెట్టొద్దు. ఎండ తగిలే వైపు అస్తరు వేయించుకోండి, లేకపోతే కిటికీ పక్కంతా వెలిసిపోతుంది. వారానికోసారి మెత్తటి బ్రష్షుతో పై నుంచి కిందికి దుమ్ము దులపండి. ముడతలు పడితే కంగారు పడొద్దు, వేలాడదీసి వదిలేస్తే బరువుకు అవే సాగిపోతాయి, మరీ మొండివైతే వెనక నుంచి కాస్త ఆవిరి పట్టండి. ఇస్త్రీ మాత్రం చెయ్యొద్దు. చివరి మాట మడతమ్మకు చురుక్కున తగిలింది. ఇస్త్రీ చెయ్యకూడని బట్ట అంటూ భూమ్మీద ఒకటి ఉంటుందా? కొట్టువాళ్ళు ప్రతి బట్టకూ ఇదే పాట పాడతారు, చేతకానివాళ్ళు కాల్చుకుని మళ్ళీ వచ్చి గొడవ చేస్తారని. ఆవిడ ఈ మాట పైకి అనలేదు, ముఖం మాత్రం గంటు పెట్టుకుంది.

గురువారం పొద్దున్నే కర్టెన్లు కుట్టి వచ్చాయి. టైలరు వాటిని పెట్టెలో పట్టేలా ఎడాపెడా మడిచి, తాడు బిగించి పంపాడు. కొడుకు పనికి వెళ్ళేముందు వాటిని కడ్డీకి ఎక్కించాడు. గది ఒక్కసారిగా చిన్నదైనట్టూ, పెద్దమనిషి తరహా వచ్చినట్టూ ఉంది. కోడలు చప్పట్లు కొట్టింది. చప్పుడు వెళ్ళింది, తిరిగి రాలేదు. ఆమె ముఖం విప్పారింది. కానీ మడతమ్మ చూపు ఇంకెక్కడో ఉంది. కర్టెన్ల మీద అడ్డంగా, పై నుంచి కిందిదాకా, మడతల గాట్లు. మడిచినవాడికి మడవడం రాదు. కంట్లో నలుసు పడ్డట్టు ఆవిడకు ఇక వేరే ఏదీ కనబడలేదు.

వదిలేయండి అత్తయ్యా, అవే పోతాయి అంది కోడలు. మంచి మైకు ఒకటి అరువిస్తారట, ఆఫీసుకు వెళ్ళి తెచ్చుకుంటానని బయల్దేరింది.

వదిలేయడం అనే విద్య మడతమ్మకు రాదు. కాసేపు ఆ గదిలోకి చూడకుండా కూర్చుంది. తర్వాత తొంగి చూసింది. తర్వాత లేచి, గాటు మీద అరచేత్తో నిమిరి చూసింది. ఈ పిల్ల కోసం ఏడాదిలో తాను చేసింది ఏముంది? ఆమె వండితే తినడం, ఆమె ఉతికితే కట్టుకోవడం. రేపు ఆ పిల్ల ఈ గదిలో కూర్చుని చదువుతుంది, ఇలా నలిగిన గుడ్డల మధ్యనా? ఆవిడ మంచం కింద దాచిన తన ఇస్త్రీపెట్టె బయటికి లాగింది. ఆవిడ అమ్మేసిందని కొడుకు అనుకుంటున్న పెట్టె అది.

ఎడమ చేత్తో, ఒక కర్రతో తంటాలు పడి ఒక తెర రింగులు ఊడదీసింది. బల్ల మీద దుప్పటి పరిచి, దాని మీద వెల్వెట్ పరిచింది. వేడి సరిపోయిందో లేదో తడివేలితో తాకి చూసుకుంది. చేతికి పాత బలం ఎక్కడినుంచో వచ్చింది, భుజం నొప్పి కూడా మాట్లాడలేదు. ఒక్క ఊపులో గాటు మీద పెట్టె నడిపించింది.

గాటు పోయింది. దాంతో పాటు నూగూ పోయింది. పెట్టె ఆగినచోట పడవ ఆకారంలో అచ్చు, నూనె రాసినట్టు మెరుస్తోంది. మడతమ్మ కళ్ళు నులుముకుని చూసింది. ఇప్పుడు వేరే ఎవరైనా అయితే పెట్టె పక్కన పెట్టేసేవాళ్ళు. ఆవిడ ఇస్త్రీ మనిషి. ఒక చోట మెరుపొస్తే మిగతాదంతా దానికి సమానం చేసేయాలన్నదే ఆ చేతులకు తెలిసిన న్యాయం. కాబట్టి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నడిపించింది. పూర్తయ్యాక చూస్తే తెర మధ్యలో అడ్డంగా ఒక వెడల్పాటి పట్టీ, అణిగిపోయి, రంగు మారి, దిష్టి తగిలినట్టు పడుకుని ఉంది. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఒక్క చేతిరుమాలు కూడా కాల్చని మనిషి ఆవిడ. అక్కడే నేల మీద కూలబడింది.

కోడలు మైకు సంచీతో గుమ్మంలోకి వచ్చి చూసింది. ఆమె అరవలేదు. సంచీని జాగ్రత్తగా కుర్చీలో పెట్టి, తెర దగ్గరికి వెళ్ళి, ఆ పట్టీ మీద వేలు పెట్టి, తీసేసింది.

‘‘నాదంటూ ఒక్కటి మొదలెట్టుకున్నాను అత్తయ్యా. ఒక్కటి. దాన్ని కూడా నాకు వదిలెయ్యలేకపోయారా?’’

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మడతమ్మకు కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు. మంచి చేయబోయానని చెప్పాలనుకుంది. ఆ మాట అని ఏం లాభం? కొత్త బట్ట కొని కుట్టించే వ్యవధి లేదు. ఒక పక్క అద్దం బోసిగా వదిలేస్తే గది మళ్ళీ మోగుతుంది. ఈ తెరనే ఇలాగే వేలాడదీస్తే మోగుతుందో లేదో ఆవిడకు తెలియదు, అంత మోటుగా అణిగిన బట్ట చప్పుడును మింగుతుందా, తిప్పికొడుతుందా? ఆవిడ చెవులకు ఆ తేడా పట్టుకునే శక్తి లేదు. ఏడుపు వచ్చింది, కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని ఆ మెరుపు వంకే చూస్తూ కూర్చుంది.

చూడగా చూడగా అది ఎక్కడో చూసిన మెరుపే అనిపించింది. ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళ నల్లటి ఉన్ని ప్యాంట్లు. కూర్చుని కూర్చుని వెనక భాగమంతా ఇలాగే మెరుస్తూ వచ్చేవి. వాటికి పెట్టె తాకించేది కాదు ఆవిడ, ఆవిరి పట్టి, ఎదురు బ్రష్షు కొట్టి, పడుకున్న పోగుల్ని లేపి కూర్చోబెట్టేది. కొట్టావిడ కూడా ఆవిరే కదా చెప్పింది, అప్పుడు చెవికెక్కలేదు గానీ. మడతమ్మ బల్ల పట్టుకుని లేచింది.

తెరను స్నానాలగదిలోకి ఈడ్చుకెళ్ళి, బట్టలు ఆరేసే కడ్డీకి తగిలించి, వేడినీళ్ళు వదిలి తలుపు మూసింది. కెటిల్లో నీళ్ళు మరిగించింది. అస్తరు కింద వదులుగానే ఉంది, దాని లోపలి నుంచి కెటిల్ మూతి బట్టకు తగలకుండా పట్టుకుని ఆవిరి వదిలింది. ముందు వైపు కొడుకు బూట్ల కోసం కొని ఇంకా పాలిష్ అంటని మెత్తటి బ్రష్షుతో కింది నుంచి పైకి, మెల్లగా, నిద్రపోయేవాళ్ళను లేపినట్టు దువ్వింది. మొదట ఏమీ కాలేదు. తర్వాత అంచులో కాస్త నూగు లేచింది. మడతమ్మకు ప్రాణం లేచొచ్చింది. కానీ పట్టీ సగం భుజానికి పైనే ఉంది, అక్కడికి ఆవిడ చెయ్యి ఎక్కదు. చెయ్యి ఎత్తితే నొప్పి, దించితే ఆవిరి అందదు. పళ్ళు బిగబట్టి మళ్ళీ ఎత్తింది. అబ్బా అనకూడదనుకుంటూనే అంది.

తలుపు తెరుచుకుంది. ఆవిరిలో కోడలు నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ చేతిలోంచి బ్రష్షు అందుకుంది.

ఒకరు లోపలి నుంచి ఆవిరి పడితే ఒకరు బయటి నుంచి దువ్వారు. మడతమ్మ తాకించకు, ఆగు, ఇప్పుడు లాగు అని చెబుతూనే ఉంది, కోడలు చెప్పినట్టే చేస్తూనే ఉంది. వాళ్ళిద్దరూ ఏడాదిలో అన్ని మాటలు మాట్లాడుకోలేదు. ఇద్దరి జుట్టూ ముఖాలకు అంటుకుపోయింది. పట్టీ కొంచెం కొంచెంగా లేచి, చుట్టూ ఉన్న నీలంలో కలిసిపోయింది. పెట్టె మొదట ఆగిన ఆ పడవ అచ్చు మాత్రం పూర్తిగా పోలేదు. పక్కకు వంగి చూస్తే పలచగా కనబడుతుంది. మడతమ్మ దాన్ని చూసి మళ్ళీ చిన్నబోయింది. అప్పుడు కోడలు బ్రష్షును నోటి ముందు మైకులా పట్టుకుంది.

‘‘ప్రయాణికులకు మనవి. ముందు గదిలోకి రావలసిన ఇస్త్రీపెట్టె నిరవధికంగా రద్దు చేయబడినది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.’’

అది బస్సు స్టాండు గొంతు, అచ్చంగా అదే. పలకల గోడల మధ్య గణగణమని మోగింది. మడతమ్మ నవ్వబోయి, నవ్వలేక, తడి చేత్తోనే కోడలి చేయి పట్టుకుని, తప్పయిపోయిందమ్మా అంది. పోనివ్వండి అత్తయ్యా అంది కోడలు. నేనూ తొందరపడి అనేశాను అని కూడా అంది. రాత్రి కొడుకు వచ్చి, ఆరుతున్న తెరనూ, తన కొత్త బ్రష్షునూ, బతికే ఉన్న ఇస్త్రీపెట్టెనూ చూసి ఏదో అడగబోయాడు. ఇద్దరూ ఒకేసారి చూసిన చూపుకు అన్నం పెట్టమని మాత్రం అడిగాడు.

శుక్రవారం మధ్యాహ్నం, వీధి సద్దుమణిగాక, కోడలు మైకు ముందు కూర్చుంది. మడతమ్మ వంటింట్లో ఫ్రిజ్ కూడా ఆపేసి, గరిట కదపకుండా, ఊపిరి కూడా పొదుపుగా తీసుకుంటూ కూర్చుంది. కాసేపటికి కోడలు చదివింది తిరిగి పెట్టుకుని విన్నది. గది ఒక్క పిసరు కూడా మోగలేదు. అయినా ఆమె తల పట్టుకుంది. గది నోరు మూసుకున్నాక తన లోపం తనకే వినబడింది, మాస్టారు మొన్న చెప్పకుండా దాచిన ఇంకోటి ఇదేనని తెలిసిపోయింది. ఆమె కథ చదవడం లేదు, ఊరికి కబురు చెబుతోంది. కథలో ఏటి మధ్యలో పడవవాడి కష్టం కూడా ఫలానా బస్సు బయల్దేరుతుందన్నంత స్పష్టంగా, అంత దూరంగా వస్తోంది. మళ్ళీ చదివింది. మళ్ళీ అంతే. మైకు కనిపిస్తే చాలు, కళ్ళ ముందు జనం నిలబడుతున్నారు.

ఆమె వంటింట్లోకి వచ్చింది.

‘‘అత్తయ్యా, మీరొచ్చి నా ఎదురుగా కూర్చోండి. మీకు చదువుతాను.’’

మడతమ్మ వచ్చి కూర్చుంది. కూర్చోగానే ఆవిడ ఒంటి మీద గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర ఫెళఫెళమంది. ఆ నిశ్శబ్దంలో అది ఎవరో కాగితాలు చింపుతున్నట్టు వినిపించింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మడతమ్మ లేచి వెళ్ళి వెతికి వెతికి, ఉతికి ఉతికి మెత్తబడ్డ ఒక పాత చీర, ఇస్త్రీ మొహం చూడనిది, కట్టుకుని వచ్చింది. ఇలాంటి వేషంలో నలుగురిలోకి వచ్చే అలవాటు లేక తలవంచుకుని కూర్చుంది. కోడలు చదవడం మొదలెట్టింది.

మొదటి పేజీ తిరిగేసరికి మడతమ్మ తన వేషం మరిచిపోయింది. రెండో పేజీకి తనెక్కడుందో మరిచిపోయింది. ఏరు పొంగుతోంది, అవతలి ఒడ్డు కనబడటం లేదు, పడవలో పసిబిడ్డతో ఒక తల్లి ఉంది, పడవవాడు ముసలివాడు. ఈ పిల్ల తన కళ్ళలోకి చూస్తూ, అప్పుడే తనకు తెలిసిన సంగతి చెబుతున్నట్టు చెబుతోంది. భయపడాల్సినచోట గొంతు తగ్గిస్తోంది, మడతమ్మ ముందుకు వంగుతోంది. తాడు తెగింది. అధ్యాయం అయిపోయింది. కోడలు మైకు ఆపేసి, చెమట తుడుచుకుని, మళ్ళీ విని చూసుకునే ధైర్యం లేక అలాగే పంపేసింది.

ఆదివారం గడిచేదాకా ఇంట్లో ఎవరికీ తిండి సయించలేదు. సోమవారం పొద్దున ఫోను మోగింది. కోడలు తీసేలోగా కొడుకే దాన్ని అందరికీ వినబడేలా పెట్టి బల్ల మీద ఉంచాడు. సౌండు మాస్టారు తాపీ మనిషి. దగ్గాడు, గొంతు సవరించుకున్నాడు. గది బాగుంది అన్నాడు. ఎంత బాగుందంటే అందులో ఇంకో మనిషి ఉన్నట్టు తెలిసిపోతోందన్నాడు. తాడు తెగినచోట ‘హా’ అని పెద్దగా ఊపిరి పీల్చింది ఎవరని అడిగాడు.

మడతమ్మకు భూమి విచ్చుకుంటే లోపలికి పోదామనిపించింది. మొన్న బట్ట పాడుచేసింది, ఇప్పుడు చదువు పాడుచేసింది. కోడలు నోరు తెరిచేలోగా ఆవిడే ఫోను దగ్గరికి వంగింది.

‘‘నేనండీ బాబూ. దాని అత్తను. పిల్ల తప్పేం లేదు, నేనే ఆపుకోలేకపోయాను. ఈసారి నేను వీధిలోకి పోయి కూర్చుంటాను, మళ్ళీ చదివి పంపిస్తుంది. పుస్తకం మాత్రం ఇంకొకళ్ళకు ఇవ్వకండి.’’

కొడుకు ఫోను వంక, కోడలు అత్త వంక చూశారు.

‘‘మొదటిసారి ఆ అమ్మాయి ఊరందరికీ చదివిందమ్మా,’’ అన్నాడు మాస్టారు. ‘‘ఈసారి ఒక్కరికి చదివింది. ఆ ఒక్కరూ మీరేనా?’’

‘‘నాకే చదివిందండీ.’’

‘‘అయితే మీరు ఎక్కడికీ వెళ్ళకండి. ఆ తాడు తెగినచోటు ఒక్కటీ మళ్ళీ చదివి పంపమనండి. పుస్తకం ఆ అమ్మాయిదే. రేపటి నుంచి మొదలుపెట్టొచ్చు. మీ కుర్చీ మాత్రం మైకుకు దూరంగా, కర్టెన్ దగ్గరగా వేసుకోండి.’’

కోడలు రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కొడుకు ఆమె భుజం తట్టాడు. మడతమ్మకు ఫోను పెట్టేస్తారేమోనని తొందర పుట్టింది.

‘‘బాబూ, ఒక్కమాట. ఆ బిడ్డ ఒడ్డుకు చేరిందా?’’

మాస్టారు నవ్వాడు. అది నేను చెప్పకూడదు, మీ కోడల్ని అడగండి అన్నాడు. మడతమ్మ కోడలి వైపు తిరిగింది. కోడలు ముఖం మీంచి చేతులు తీసి, కళ్ళు తుడుచుకుని, రేపు అంది. ఎంత బతిమాలినా అదే మాట, రేపు అత్తయ్యా, చదువుతాను కదా. కొడుకు పనికి వెళ్ళిపోయాడు, కోడలు పుస్తకం తీసి రేపు చదవాల్సిన చోట గుర్తు పెట్టుకుంటోంది. మడతమ్మ తన కుర్చీని ఎత్తలేక ఈడ్చుకుంటూ తీసుకెళ్ళి కర్టెన్ పక్కన వేసుకుంది. రేపటికి ఇంకా ఒక రోజుందని తెలిసి కూడా అందులో కూర్చుంది.